కత్తెరకు తెగని పెరుగు

శ్రావణమాసం మొదటి శుక్రవారం నాడు లోవరాజు హోటల్లో పెరుగు తోడుకోలేదు.

తుని స్టేషను రోడ్డులో ఆ హోటలుకి పేరంటూ లేదు. బోర్డు మీద ‘మీగడ పెరుగు భోజనం’ అని ఉంటుంది, అంతే. పేరు రాయించమని పెయింటరు అడిగినప్పుడు, “నా పేరు చూసి ఎవడొస్తాడ్రా, పెరుగు చూసి వస్తారు గానీ” అన్నాడు లోవరాజు. ఇప్పుడు ఆ పెరుగే లేదు. మూత తీస్తే కుండలో గడ్డ లేదు, మీగడ లేదు. గరిటెతో ఎత్తితే బొటబొట కారిపోయింది. నాలుక మీద వేసుకుంటే పుల్లగా మాత్రం ఉంది.

“పాలవాడు నీళ్ళు కలిపుంటాడు” అన్నాడు లోవరాజు.

“నీళ్ళు కలిపితే పల్చగా తోడుకుంటాది. అసలు తోడుకోకుండా ఎలా పోద్దిరా?” అంది తల్లి వరహాలమ్మ.

ఆవిడకి ఆ కుండంటే ప్రాణం. కాపురానికొచ్చిన రోజు అత్తగారు గిన్నెలో పోసిచ్చిన తోడు అది. అప్పట్నుంచి ఒక్క పూట తెగకుండా, నిన్నటి పెరుగు ఇవాళ్టి పాలల్లో, ఇవాళ్టి పెరుగు రేపటి పాలల్లో వేసుకుంటూ వచ్చింది. తుపానుకి ఇల్లు కూలినప్పుడు ఆవిడ ముందు కుండని బయటికి తెచ్చి, తర్వాత కొడుకుని లాగింది. ఆ సంగతి లోవరాజు ఈనాటికీ మర్చిపోలేదు. ఎవరు దొరికినా చెప్తాడు.

మధ్యాహ్నం అప్పల్నాయుడు గారొచ్చారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. రోజూ అదే మూల, అదే కుర్చీ. చారు దాకా బాగానే సాగింది. ఆ తర్వాత విస్తట్లో పడినదాన్ని ఆయన వేలితో కలిపి చూశారు.

“ఇదేటయ్యా లోవరాజూ, మజ్జిగా?”

“కాదండి. పాలకీ మజ్జిగకీ మధ్య స్టేషన్లో ఆగిపోయిందండి. మీ బండే కదా, మీకు తెలీదా?”

“వెటకారానికి తక్కువ లేదు. పెరుగుకే తక్కువ” అని ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు.

ఆ వారం గడిచేసరికి తుని ఊళ్ళో ఏ ఇంట్లోనూ పెరుగు తోడుకోలేదు. గేదెలు తినే దాణాలో ఏదో కలిసిందని ఒకరు, మొన్నటి గ్రహణం దోషమని ఒకరు, కొత్తగా నిలబెట్టిన సెల్ టవర్ వల్లనని ఇంకొకరు. టవర్ మాట అన్నవాడు ఆ మాట సెల్లులోనే ఊరంతటికీ పంపించాడు. పెరుగన్నం లేకుండా లేచిన మనిషికి భోజనం చేసినట్టుండదు కదా. ఊరుకి ఊరే చిరాకుగా తిరిగింది. బ్యాంకులో తగువులు, బస్టాండులో తగువులు. ప్యాకెట్టు పెరుగుకి జనం ఎగబడ్డారు. ఆ ప్యాకెట్టు పెరుగు తెచ్చి తోడేసినా మళ్ళీ అదే నీళ్ళు.

“మనం కూడా ప్యాకెట్లు తెచ్చి వడ్డిద్దాం” అంది లోవరాజు భార్య కుమారి.

“ఆ రోజున ముందు బోర్డు దించుతాను. ఆ తర్వాత నేను పొయ్యి కింద దూరతాను” అన్నాడు లోవరాజు.

అన్నాడే గానీ, సగం కుర్చీలు అప్పటికే ఖాళీగా ఉన్నాయి.

ఇక చెల్లెలి దగ్గరికి వెళ్ళక తప్పలేదు. లోవరాజు చెల్లెలు డాక్టర్ నూకరత్నం విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో పని చేస్తుంది. డాక్టరంటే సూదిమందు డాక్టరు కాదు, సూక్ష్మజీవుల డాక్టరు. ఒకరు చదవాలి, ఒకరు పొయ్యి ఊదాలి అని తండ్రి చిన్నప్పుడే తేల్చేశాడు. ఊదింది ఎవరో అడగక్కర్లేదు. ఎనిమిదో తరగతి పుస్తకాలు లోవరాజు పెట్టెలో ఇంకా కొత్తవిలాగే ఉన్నాయి.

తోడుకోని కుండకి గుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకుని ప్యాసింజరు ఎక్కాడు. ఎదురు సీటులో ఆవిడ కుండ వంక చూసి, “అస్థికలాండీ?” అని జాలిగా అడిగింది.

“ఇంచుమించు అంతేనండి” అన్నాడు లోవరాజు.

* * *

నూకరత్నం కుండలోంచి ఒక్క చుక్క తీసి గాజుపలక మీద పూసింది. రంగు వేసి, కడిగి, మైక్రోస్కోపులో పెట్టి చూసింది. మొదట మామూలుగానే చూసింది. తర్వాత కళ్ళజోడు తీసి మళ్ళీ చూసింది. ఆ పైన చాలాసేపు తల ఎత్తలేదు.

“దండలు లేవు” అంది.

“ఏం దండలే?”

బల్ల సొరుగులోంచి ఆమె గుప్పెడు గాజుపూసలు తీసి అన్న ముందు పోసింది. “ఇవన్నీ గుండ్రటి బాక్టీరియాలనుకో. ఒకటి తెగి రెండవుతుంది. రెండయ్యాక కొన్ని విడిపోవు, అంటిపెట్టుకునే ఉంటాయి. ఎప్పుడూ ఒకే వైపుకి తెగుతూ పోతే...” పూసల్ని వరసగా పేర్చింది. “దండ. గొంతుని పాడుచేసేది ఈ దండే. పాలని పెరుగు చేసేది కూడా దీని చుట్టమే. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తెగితే నాలుగేసి, చదరంగా ఉంటాయి. ఎటు పడితే అటు తెగితే ద్రాక్షగుత్తి. సెగ్గడ్డలో ఉండేది అదే” అని మిగతా పూసల్ని గుత్తిగా పోగేసింది.

లోవరాజు గుత్తి వంక చూసి, “పురుగుల్లోనూ పార్టీలున్నాయన్నమాట. ఈ గుత్తి అచ్చం మా మునిసిపాలిటీలాగే ఉంది. ఎవడు ఎటు తిరిగాడో తెలీదు” అన్నాడు.

నూకరత్నం నవ్వలేదు. “అన్నయ్యా, అమ్మ ఇంకా తోడు రుచి చూసే ఇస్తోందా?”

ఇస్తోంది. అది వరహాలమ్మ పద్ధతి. సాయంత్రం దీపాలు పెట్టకముందు వీధిలో ఆడవాళ్ళు గ్లాసులు పట్టుకుని తోడు కోసం వస్తారు. ఆవిడ వేలు ముంచి, నాలుకకి రాసుకుని, పులుపు సరిపోయిందనుకున్నాక అదే వేలితో ఇంత తీసి గ్లాసులో వేస్తుంది. రుచి చూడకుండా ఇవ్వడం పరువు తక్కువని ఆవిడ లెక్క. ఆ వీధి నుంచి పక్క వీధికి, పక్క వీధి నుంచి రైలు కట్ట అవతలికి ఆ తోడు వెళ్తుంది. మనవరాలు చేతన తిని వదిలేసిన ముద్దలు తినేదీ ఆవిడే.

“అయితే అది కత్తెరే” అంది నూకరత్నం.

కత్తెర సంగతి లోవరాజుకి తెలుసు. ఆ కత్తెర పుట్టిందే అతని కూతురి కోసం.

చేతనకి పదకొండేళ్ళు. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, కీళ్ళు వాచి, పోతూ పోతూ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. మళ్ళీ గొంతునొప్పి వస్తే ఆ కవాటం ఇంకా పాడవుతుందని మూడు వారాలకోసారి తుంటికి సూది పొడిచేవారు. చిక్కటి మందు. ఆ రోజంతా పిల్ల సరిగ్గా నడవలేదు. ఆసుపత్రి నుంచి స్టేషను రోడ్డు దాకా లోవరాజు వీపున ఎక్కించుకుని తెచ్చేవాడు. “గోనెసంచీ దింపుకోండోయ్” అని వీధి మొదట్లోనే కేకేసేవాడు. పిల్ల అతని మెడలో ముఖం పెట్టుకుని ఏడుస్తూనే నవ్వేది.

నూకరత్నం తన ప్రయోగశాలలో ఒక కొత్త బాక్టీరియాని తయారు చేసింది. అదీ గుండ్రటిదే. కానీ ఎవరితోనూ కలవదు, ఒంటరిగా నోట్లో ఉంటుంది. దండ కనిపిస్తే పూసకీ పూసకీ మధ్య అంటుని కరిగించేస్తుంది, అందుకే దానికి కత్తెర అని పేరు పెట్టింది. దండగా ఉన్నదాన్ని మింగడం ఒంట్లో కాపలా కణాలకి కష్టం. విడివిడిగా దొరికితే గుటుక్కున మింగేస్తాయి. ముందు తన నోట్లోనే వేసుకుని చూసింది. తర్వాత అన్న కాళ్ళావేళ్ళా పడితే, పైవాళ్ళకి చెప్పకుండా మేనకోడలి నోట్లో వేసింది. అప్పట్నుంచి పిల్ల గొంతులో దండ కనపడలేదు. శ్రావణం వెళ్ళాక ఇంకోసారి పరీక్ష చేసి, గొంతు శుభ్రంగా ఉంటే సూది ఆపి చూద్దామని డాక్టరు కూడా అన్నారు.

“అది పెరుగు జోలికి వెళ్తుందని నేననుకోలేదు. ముక్కలైన దండ పాలకి పులుపునిస్తుంది గానీ గట్టిగా పట్టి ఉంచలేదు” అంది నూకరత్నం. “పైవాళ్ళకి ఇవాళే చెప్పేస్తాను. ఉద్యోగం ఉంచుతారో ఊడగొడతారో చూడాలి.”

“ఊడితే రా. గరిటె తిప్పడం నేర్పుతాను.”

* * *

ఉద్యోగం ఊడలేదు. చీవాట్లు మాత్రం పడ్డాయి. శనివారం సాయంత్రం నూకరత్నం తునిలో దిగింది. సంచిలో ఒక చిన్న మైక్రోస్కోపూ, ఒక సీసా, చేతిలో కుండెడు మంచి పెరుగూ ఉన్నాయి.

“ఇది చెరుపు మందు” అంది సీసా చూపించి. “ఇందులో ఉన్నదీ ఒక సూక్ష్మజీవే, కత్తెరని చంపుతుంది. మనిషికేమీ కాదు. ఊరంతా తిరిగి వెయ్యక్కర్లేదు. మంచి పెరుగులో కలిపి అమ్మ చేత తోడు ఇప్పిస్తే చాలు. కత్తెర ఎలా పాకిందో ఇదీ అలాగే పాకుతుంది. పది రోజుల్లో ఊళ్ళో పెరుగు గడ్డ కడుతుంది.”

“చేతన గొంతులోది?”

“అదీ పోతుంది.”

“మళ్ళీ వెయ్యి.”

“వేస్తే మళ్ళీ ఊళ్ళోకి పాకుతుంది అన్నయ్యా. దాని ఒక్కదాని గొంతులో కట్టి ఉంచే తాడు నా దగ్గర లేదు.” సీసా బల్ల మీద పెట్టి, “పైవాళ్ళు కలిపెయ్యమన్నారు. నా చెయ్యి రాలేదు. నీ హోటలు, నీ కూతురు. నువ్వు ఎలా అంటే అలా” అంది.

చదువుకున్నవాళ్ళు ఎంత మర్యాదగా బరువు దింపుతారో అనుకున్నాడు లోవరాజు. తెచ్చి తన నెత్తి మీదే దింపుతారు.

విశాఖ నుంచి కొత్త తోడు వచ్చిందన్న వార్త రైలు కన్నా ముందే ఊళ్ళోకి దిగింది. వీధిలో ఆడవాళ్ళు గ్లాసులతో అరుగు నిండా కూర్చున్నారు. వంటింట్లో బల్ల మీద ఒక కుండలో మంచి పెరుగు, పక్కన సీసా. పొయ్యి దగ్గర కుమారి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చేతన గుమ్మంలో నిలబడింది. పిల్లకి అంతా తెలుసు. ఇలాంటి ఇళ్ళల్లో పిల్లలకి తెలియకుండా ఏదీ జరగదు.

“నాన్నా, కలిపెయ్యి. సూది నాకు అలవాటే” అంది.

“అలవాటట. పెద్ద వస్తాదు!” అని కసిరాడు. సీసా మూత తీశాడు. కుండ మీద వంచాడు. ఖాళీ కుర్చీలు, బోర్డు, తల్లి మొహం అన్నీ కనిపించాయి. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అప్పుడే పాదం మీద ఏదో చల్లగా జారింది. కిందకి చూస్తే ఇడ్లీ పిండి. రేపటికని రుబ్బి పెట్టిన పిండి గిన్నె మూతని పక్కకి తోసి, బల్ల మీంచి కారుతోంది. లోవరాజుకి ఒళ్ళు మండిపోయింది. మనిషి మీద చూపించలేని కోపమంతా పిండి మీద చూపించాడు.

“నీకేమొచ్చిందే! ఊళ్ళో పాలన్నీ నీరసంగా పడుకుంటే, నీకు మాత్రం పండగలా ఉందా? నిన్న కూడా ఇంతే, మొన్న కూడా ఇంతే, తగ్గిందే లేదు!”

“ఏమన్నావు?” అంది నూకరత్నం.

“నిన్ను కాదు, పిండిని.”

“మొన్న కూడా పులిసిందా? కత్తెర వచ్చాక కూడా?”

“పులవకపోతే నేనింకా బతికున్నానా? పొద్దుట ఇడ్లీ మీదే కదా నడుస్తోంది కొంప!”

ఆమె సీసా లాక్కుని మూత బిగించింది. బియ్యం బస్తా మీద మైక్రోస్కోపు పెట్టి, వేలితో పిండి తీసి పలక మీద రాసింది. వంటింట్లో అందరూ చుట్టూ మూగారు. “వెలుతురుకి అడ్డం తప్పుకోండి” అని ఒక అరుపు అరిచింది. తర్వాత నెమ్మదిగా నవ్వడం మొదలెట్టింది.

“నాలుగేసి అన్నయ్యా! చదరాలు! నువ్వే చూడు.”

లోవరాజు ఒక కన్ను మూసి చూశాడు. నీలి చుక్కలు. నాలుగు నాలుగు కలిసి, తలలు దగ్గర పెట్టుకుని పేకాట ఆడుతున్నట్టున్నాయి.

“దండలో ఒక్క అంటు తెంపితే రెండు ముక్కలవుతుంది. చదరంలో ఒక అంటు తెంపినా మిగతా మూడూ పట్టుకునే ఉంటాయి. కత్తెర రెండోది తెంపేలోపు మొదటిది మళ్ళీ అతుక్కుంటుంది. పాలల్లో ఈ చదరాలు వేస్తే...”

“పెరుగవుతుందా?”

“తెలీదు” అంది నూకరత్నం. ఆమె నోట ‘తెలీదు’ అన్నమాట విని లోవరాజుకి ఎందుకో ప్రాణం లేచొచ్చింది. అరుగు మీదకి వెళ్ళి, “ఇవాళ తోడు లేదు. వెళ్ళి టీవీ చూసుకోండి” అని అందర్నీ పంపేశాడు.

* * *

మొదటి పెరుగు గడ్డ కట్టింది. కట్టిందని అందరూ గెంతారు. తిన్నాక ఎవరూ గెంతలేదు. అందులో మినప్పప్పు వాసన, పైన రబ్బరులాంటి మీగడ. “దీన్ని చట్నీలో నంచుకోవాలా, దీంట్లో అన్నం కలుపుకోవాలా?” అని అడిగింది కుమారి.

మర్నాడు ఆ పెరుగుతో ఇంకో పాలకి తోడేశారు. ఆ మర్నాడు దాంతో ఇంకోదానికి. ఒక రోజు సాగింది, ఒక రోజు విరిగింది, ఒక రోజు కుండ బోర్లించినా కింద పడలేదు. ఆ రోజు లోవరాజు దాన్ని కత్తితో కోసి, “గృహప్రవేశానికి ఇటుకలు కావాలంటే చెప్పండి” అన్నాడు. నూకరత్నం రైల్లో వచ్చి వెళ్తూ ప్రతి కుండలోంచీ చుక్క పట్టుకెళ్ళింది. శ్రావణం చివర్లో మినపవాసన పోయింది. తెల్లగా, గట్టిగా, కాస్త ఎక్కువ పులుపుతో పెరుగు దిగింది.

వరహాలమ్మ మాత్రం ముట్టలేదు. “అది మీ పెరుగు. మా అత్తగారిది కాదు” అని గోడవైపు తిరిగి కూర్చుంది. లోవరాజు వెటకారం ఆడబోయి, తల్లి భుజాలు కదలడం చూసి నోరు మూసుకున్నాడు. అది అతను చాలా అరుదుగా చేసే పని.

ఊరికి నిజం చెప్పాలని నూకరత్నం పట్టుబట్టింది. ఒక ఆదివారం హోటల్లోనే నిలబడి, కత్తెర తన చేతిలో పుట్టిందని, ఎవరినీ అడగకుండా వాళ్ళ నోళ్ళల్లోకి వచ్చినందుకు తప్పు తనదేనని చెప్పింది. వద్దనుకున్నవాళ్ళు పుక్కిలించుకోవచ్చని, ఒకరి నుంచి ఒకరికి పాకని రకం చెరుపు మందు సీసా తెచ్చి సోంపు పళ్ళెం పక్కన పెట్టింది. కొందరు తిట్టారు. ఒకావిడ మాత్రం, “మా పిల్లోడికి ఈ వర్షాకాలం గొంతునొప్పి రాలేదంటే ఇదా!” అని సీసాకి దూరంగా జరిగింది.

అప్పల్నాయుడు గారు అందరూ చూస్తుండగా బుగ్గలు నిండా పోసుకుని పుక్కిలించారు. “నాకు పాత పెరుగే కావాలి. ఈ ఇడ్లీ పెరుగు నాకొద్దు” అని కర్ర ఊపుకుంటూ వెళ్ళారు. వారం తిరక్కుండా మెడకి మఫ్లరు చుట్టుకుని, గొంతు బొంగురుపోయి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. లోవరాజు ఏమీ అడక్కుండా పెరుగు వడ్డించాడు. ఆయన మొత్తం తిన్నారు. విస్తరి మడవలేదు.

“ఇది పెరుగు కాదన్నారు కదండీ?”

“కాదు. ఇప్పుడూ అదే మాట” అన్నారాయన బొంగురు గొంతుతో. “ఇంకో గరిటె వెయ్యి.”

ఆ సాయంత్రం నూకరత్నం తల్లి పక్కన కూర్చుంది. “అమ్మా, పోయిన ఏడు పరీక్షకని నీ కుండలోంచి కాస్త పెరుగు తీసుకెళ్ళాను, గుర్తుందా? దాన్ని నా దగ్గర మంచులా గడ్డకట్టించి, భద్రంగా ఉంచాను. చావలేదు. కత్తెర అవసరం లేని రోజొస్తే మళ్ళీ పాలల్లో వేద్దాం.”

వరహాలమ్మ తిరిగి చూసింది. “చలిలో పెట్టావా?”

“బాగా చలిలో.”

“పాపం” అంది ఆవిడ. అరుగు మీద ఎవరో గ్లాసు పట్టుకుని, “మామ్మగారూ, కొత్త తోడు ఇంత ఇస్తారా?” అని పిలిచారు. కుమారి లేవబోతే, “నువ్వుండు” అని ఆవిడే లేచింది. కొత్త కుండలో వేలు ముంచింది. నాలుకకి రాసుకుంది. మొహం చిట్లించింది. “పులుపెక్కువ. పాలు బాగా మరగబెట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడెయ్యి” అని గ్లాసులో వేసింది.

* * *

పరీక్ష రోజున లోవరాజు నోట ఒక్క వెటకారం రాలేదు. డాక్టరు పిల్ల గొంతు చూశారు, గుండె విన్నారు, కాగితాలు తిరగేశారు. “ఈసారికి సూది వద్దు. ఆపి చూద్దాం. మళ్ళీ మళ్ళీ తీసుకొచ్చి చూపిస్తూ ఉండండి” అన్నారు. నర్సమ్మ అప్పటికే దూది తడిపి పట్టుకుంది. దాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద చేతన ఆగిపోయింది.

“నడువు.”

“ఎత్తుకో.”

“సూది లేదు కదే!”

“సూది లేకపోతే ఎత్తుకోవా?”

“ఏడో క్లాసు. సిగ్గులేదూ?” అన్నాడు లోవరాజు. మెట్టు కిందకి దిగి, వంగి, వీపు చూపించాడు. పిల్ల ఎగిరి ఎక్కింది. నడుం కలుక్కుమంది. “నాలుగు నాలుగు కలిసి ఎక్కినట్టుంది. ఆ పెరుగేదో నీకే బాగా పట్టింది” అని గొణుక్కుంటూ నడిచాడు.

స్టేషను రోడ్డు మలుపు దగ్గర అప్పల్నాయుడు గారు ఎదురై, “అయ్యో, సూది తప్పలేదా?” అన్నారు.

“తప్పిందండి” అన్నాడు లోవరాజు రొప్పుతూ. “నాకే తప్పలేదు.”

వీధి మొదట్లోకి రాగానే, ఎప్పటిలాగే గొంతెత్తి కేకేశాడు.

“గోనెసంచీ దింపుకోండోయ్!”

మెడ మీద తడి లేదు. నవ్వు మాత్రం ఉంది. హోటలు దాటి ఇంకో వీధి చుట్టి వచ్చాక గానీ దింపలేదు.